ఎనిమిది బొమ్మల చిట్టీ

ఆండాలు ఆ నల్లపెట్టెను మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు ముందుగా చెవి దగ్గర పెట్టుకుని విన్నది. గడియారాలు బాగుచేసేవాడి భార్య కాబట్టి ఏ వస్తువునైనా చెవితోనే పరీక్షించడం ఆమెకు అలవాటు. లోపల టిక్కుమని కూడా లేదు. దాంతో ఇంకా భయమేసింది.

“గిది పేలదు గద?”

“పేలేదైతే రెండేండ్ల కిందనే పేలుతుండె. నీ ట్రంకుపెట్టెల నీ పెండ్లి చీర కిందనే ఉన్నది గదనే,” అన్నాడు పురుషోత్తం, కంటికి బిగించుకున్న అద్దం తీయకుండానే.

రెండేళ్లుగా ఆ పెట్టె ఉన్న గదిలోనే పిల్లల్ని పడుకోబెట్టింది తను. అది గుర్తొచ్చి ఆండాలు పెట్టెను చేయి చాచినంత దూరంలో పట్టుకుంది.

పత్తర్‌గట్టిలో పురుషోత్తంది చిన్న దుకాణం. ఎవరో పెద్దమనిషి జేబుగడియారం బాగుచేయించుకుని, చేతిలో పైకం లేక ఆ బాక్సు కెమెరా ఇచ్చిపోయాడు. కెమెరా ఊరికే వచ్చింది గాని దాని తిండి ఊరికే రాదు. జర్మనీ లడాయి మొదలయ్యాక రీలు దొరకడమే కష్టమైంది. అంతకుముందు రూపాయి పావలాకు వచ్చేది ఇప్పుడు చాటుమాటుగా ఇంగ్లీషువాళ్ల కల్దారు రూపాయలు మూడున్నర. మన నిజాం హాలీ సిక్కాలోకి మారిస్తే నాలుగు రూపాయల మీద అణా పైచిలుకు. అందుకే కెమెరా చీర కింద పడి ఉంది. ఇప్పుడు బయటికి రావడానికి కారణం గోడ అవతలి ఇక్బాలున్నీసా.

దబీర్‌పురాలో ఆ రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. గోడలో జానెడు కిటికీ. అరువు చక్కెర, జ్వరానికి కషాయం, ఊళ్లో కబుర్లు అన్నీ అందులోంచే అటూ ఇటూ తిరుగుతుంటాయి. ఆ పొద్దున అందులోంచి ఒక ఉత్తరం వచ్చింది, దాని వెనకే ఇక్బాలున్నీసా ఎర్రబడ్డ ముక్కు కనిపించింది.

“వహీదా ఖత్ రాసింది ఆండాలూ.”

ఆ మాట వినగానే ఆండాలు మనసు ముందు చావు దగ్గరికీ, తర్వాత కాన్పు దగ్గరికీ, ఆ తర్వాత దొంగల దగ్గరికీ పరుగెత్తి వచ్చింది. “ఏమైంది? పిల్లలు మంచిగున్నరా?”

“అందరు మంచిగనే ఉన్నరు. గని ఏమన్నదో విను. ‘అమ్మీ, నీ గొంతు యాదికున్నది. నీ ముఖం యాది చేసుకుంటే పొగ లెక్క ఐతున్నది. ఒక్క ఫోటో తోలు’ అన్నది.”

వహీదాను గుల్బర్గాలో ఇచ్చి నాలుగేళ్లయింది. అక్కడ రెండు కాన్పులు, మంచానపడ్డ అత్తగారు. ఇక్కడ చూస్తే రైళ్ల నిండా సిపాయిలు, ఆడమనిషి కాలు పెట్టే చోటు లేదు. నాలుగేళ్లు తల్లీకూతుళ్లు ఒకరినొకరు చూసుకోలేదు.

“మరి దించుకో ఆపా ఫోటో,” అంది ఆండాలు, ఎప్పటిలాగే అక్క వరస పెట్టి.

“ఎవలతోని? నలభై ఏడేండ్లు వచ్చినయ్, పరాయి మొగోని ముందట ముసుగు తియ్యలే. స్టూడియోవోడు దించేటప్పుడు చూస్తడు, కడిగేటప్పుడు చూస్తడు. మంచిగొస్తే కాపీ తీసి అద్దాల అల్మారిల పెడతడు.”

ఆండాలుకు అది నిజంగానే భయపడాల్సిన సంగతిగా తోచింది. ఆమె ఊహ అద్దాల అల్మారీ దగ్గర ఆగలేదు. ఆ బొమ్మను ఎవడో కొనుక్కుపోయి అగ్గిపెట్టెల మీద అచ్చువేయించే దాకా పోయింది. రేపు ఊళ్లో బీడీలు తాగే ప్రతివాడి జేబులోనూ ఇక్బాలున్నీసా ఆపా! ఆ ఘోరం కళ్లముందు కనపడగానే నోరు జారింది.

“నేను దించుత ఆపా! మా ఇంట్ల పెట్టె ఉన్నది. దించుడు, కడుగుడు అన్నీ మన నడుమనే. ఒక్క మొగోని కన్ను పడదు, బొమ్మ వహీదా చేతికి చేరుతది. నా పిల్లల మీద ఒట్టు.”

ఒట్టు పెట్టిన మరుక్షణమే నాలుక కరుచుకుంది. ముగ్గురు పిల్లలు. అందరిలోకి చిన్నదానికి ఇప్పటికే దగ్గు. ఇక ఆ బొమ్మ సరిగ్గా రాకపోతే ఏమవుతుందో ఆలోచించడానికి కూడా ధైర్యం చాల్లేదు.

*

సాయంత్రం భర్తను అడిగింది. “ఒక్క బొమ్మ మందం రీలు కోసిస్తరా?”

“అదేమన్న మల్లు బట్టనా, కొలిచి కత్తిరించనీకి? ఒక్కటి కావాలన్నా ఎనిమిది కొనాల్సిందే.”

నాలుగు రూపాయల అణా రీలుకు. కడిగే మందులకూ, అచ్చేసే కాగితానికీ రెండు రూపాయలకు అణా తక్కువ. మొత్తం ఆరు. ఒక్క ముఖం కోసం ఆరు రూపాయలు! ఆండాలు మూడో తరగతి చదువు మొత్తం వేళ్ల మీదికి తెచ్చుకుని లెక్క వేసింది. ఎనిమిదిమంది కలిస్తే తలకు పన్నెండణాలు. ఇత్తడి బిందెలకు చిట్టీ వేసుకున్నట్టే బొమ్మలకూ వేసుకోవచ్చు కదా!

వారం తిరగకముందే గల్లీలో చిట్టీ కుదిరింది. ఇక్బాలున్నీసాది ఒక భాగం. ఆండాలు పిల్లలది ఒక భాగం. గాజుల కమాలుద్దీన్ ఇంటి ఆడవాళ్లు మూడు తీసుకున్నారు. కల్లు కాంట్రాక్టరు భార్య లలితమ్మ అందరికంటే ముందు పన్నెండణాలు టంగుమని పెట్టి, “నాకు పూరా బొమ్మ. నా పక్కన ఎవలు నిలబడొద్దు,” అని షరతు పెట్టింది. మాణిక్యమ్మ, సుశీలమ్మ తోడికోడళ్లు. ఏడాదిగా మాటల్లేవు గాని ఇద్దరి దగ్గరా ఆరేసి అణాలే ఉన్నాయి. దాంతో ఒక కాయిదా పుట్టింది. ఒక బొమ్మలో ఇద్దరుంటే చెరి సగం. ఒళ్లో పిల్లలకు లెక్కలేదు.

పాల ఎల్లమ్మ దగ్గర వచ్చింది తంటా.

“నా బర్రెతోని దించాలె అక్కా.”

“బర్రె ఎందుకే?”

“నా ముఖం ఎవలడుగుతరు? గల్లీల అందరు నన్ను చూసి ‘నీ బర్రె ఎట్లున్నది’ అనే అడుగుతరు.”

లలితమ్మ ముక్కు విరిచింది. “ఇద్దరుంటే జంట లెక్క. బర్రెకు గూడ ఆరణాలు కట్టాలె. ఇంకా మాట్లాడితే అది నలుగురి జాగ తింటది.”

“మాటలు రానిది ఒళ్లో పిల్లతోని సమానం,” అంది ఎల్లమ్మ. “నీ చిన్నకొడుకు నీ ఒళ్లెక్కి కూసుంటే, వానికి మాటలొస్తయి గద, మరి కడతవా?”

బర్రెను ఒళ్లో పిల్ల కింద జమకట్టారు.

ఇక కడిగేదెవరు? కమాలుద్దీన్ ఇంటి ముందుగదిలో బాబూమియా ఉంటాడు. నలభై ఏళ్లు ఒక స్టూడియో చీకటిగదిలో పనిచేసిన మనిషి. ఇప్పుడు రెండు కళ్లూ లేవు. మొగవాడే, కాని కన్ను లేదు. ఆండాలు ఒట్టుకు ఇంతకంటే సరిపోయేవాడు హైదరాబాదులో మరొకడు దొరకడు. అయినా ఆమెకు నమ్మకం కుదరలేదు. పోయిన శుక్రవారం గిన్నెలో ఆయన చెయ్యి సరిగ్గా మూలుగు బొక్క మీదికే పోయిందని ఆ ఇంటి ఆడవాళ్లు చెప్పారు. పిల్లల మీద పెట్టిన ఒట్టాయె. పరీక్ష చేయకుండా ఎట్లా?

“చాచా, నీకు నిజంగ ఏం కనపడదా?”

“ఎండ నీడ తెలుస్తది బిడ్డా. గంతే.”

ఆండాలు చప్పుడు కాకుండా ముందుకు వంగి, ఆయన ముక్కుకు జానెడు దూరంలో నాలుక బయటపెట్టి వెక్కిరించింది.

“నాలుక లోపల పెట్టుకో బిడ్డా, దుమ్ము పడుతది,” అన్నాడు బాబూమియా.

ఆండాలు కెవ్వుమంది. “కనపడ్తది! నీకు కనపడ్తది!”

“ఎక్కడిది! కండ్లు పోయి ఆరేండ్లాయె. గీ గల్లీల ప్రతి ఆడది గిదే ఇమ్తెహాన్ పెట్టింది. ముందు అడుగుడు, తర్వాత ఊపిరి బిగపట్టుడు, తర్వాత నాలుక. నీ నంబర్ ఇయ్యాల వచ్చింది.” బోసినోటితో నవ్వాడు. “లలితమ్మ గూడ వచ్చిపోయింది. చెప్పిననని అనకు.”

*

చలికాలం. పొద్దున తొమ్మిది గంటలకు మొగవాళ్లంతా పనులకు పోయాక ఇక్బాలున్నీసా వాకిట్లో చేరారు. వీధి తలుపుకు గడియ, గడియ మీద పరదా, పరదాకు కాపలా కమాలుద్దీన్ తల్లి.

బాబూమియా పాఠం ఆండాలుకు కంఠతా వచ్చింది. ఎండ నీ వీపు మీద పడాలి. పెట్టె కడుపుకు ఆనించుకోవాలి. ఊపిరి బిగపట్టి నొక్కాలి. నొక్కిన తర్వాత పెట్టె పక్కనున్న చెవి, అంటే రీలు జరిపే మీట, తిప్పాలి, వెనక ఎర్ర అద్దపు కన్నులో తర్వాతి నంబరు కనపడేదాకా.

“తిప్పుడు మరిస్తే చాచా?” అని ఆమె ముందే అడిగింది.

“ఒకరి మీద ఒకరు పడతరు.”

“ఎక్కువ తిప్పితే?”

“నంబరు దాటిపోతది. పన్నెండణాలు గంగల కలుస్తయి.”

ఈ రెండు భయాలనూ రెండు చంకల్లో పెట్టుకుని ఆమె నిలబడింది. ఒక్కో నొక్కుకు పన్నెండణాలు. మూడు శేర్ల పాలు.

మొదట లలితమ్మ. ఇంటినుంచి చేతుల కుర్చీ మోయించుకొచ్చి, జరీ చీర కుచ్చిళ్లు పరుచుకుని, మెడలో ఉన్నవన్నీ పైకి తీసి కూర్చుంది. ఆండాలు ఊపిరి బిగపట్టి నొక్కింది. టక్కుమంది.

సరిగ్గా అప్పుడే పెరటి దారిన ఎల్లమ్మ బర్రెను తోలుకొచ్చింది. కొమ్ములకు నూనె, మెడలో కొత్త గంట. బర్రె నేరుగా కుర్చీ దగ్గరికి నడిచి, లలితమ్మ భుజం మీది జరీని ఒకసారి నాకి రుచి చూసింది.

“అవ్వో! నా బనారసీ! తీయ్ దీన్ని!”

“దానికి మంచిది ఏందో తెలుసమ్మా, ఊకెనే నాకదు!”

“దానికి తెలిస్తే నాకేంది? నీకు తెల్వద్దా?”

కుర్చీ వెనక్కి పడింది. కమాలుద్దీన్ ఇంటి చిన్నకోడలు నవ్వాపుకోలేక గోడకు అతుక్కుపోయింది. ఆండాలు మాత్రం కెమెరాను పసిబిడ్డలా కడుపుకు అదుముకుని, కొమ్ము తగిలితే ఆరు రూపాయలు ఒక్క దెబ్బకు పోతాయని బర్రెకు వీపు తిప్పి నిలబడింది. లొల్లి సద్దుమణిగాక బర్రెను నిలబెట్టారు, పక్కన ఎల్లమ్మ నిలబడింది. టక్కు.

తర్వాత పని సాఫీగా సాగింది. నొక్కడం, తిప్పడం, ఎర్రకన్నులోకి చూడటం. గాజుల ఇంటి ముగ్గురు అయ్యారు. తోడికోడళ్లు ఒకరి ముఖం ఒకరు చూడకుండా వీపులానించి కూర్చున్నారు. తల దువ్వించుకున్న ఆండాలు పిల్లలు ముగ్గురూ మెట్ల మీద వరసగా కూర్చుంటే, చిన్నది దగ్గకుండా నోరు మూసుకుంది. చివరికి ఇక్బాలున్నీసా. దుపట్టా సర్దుకుని, ఖాజీ ముందు సాక్ష్యం చెప్పబోతున్నట్టు బిగుసుకుపోయి కూర్చుంది. టక్కు.

“అయిపోయినయి ఎనిమిది,” అంటూ ఆండాలు పెట్టెను తిప్పి ఎర్రకన్నులోకి చూసింది.

ఏడు.

కొంగుతో కన్ను తుడిచి మళ్లీ చూసింది. ఏడే. ఎనిమిది బొమ్మలకు ఎనిమిదిసార్లు నొక్కింది. అంటే ఎక్కడో ఒకచోట తిప్పడం మరిచింది. ఎక్కడో ఇద్దరు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఎవరు? గుర్తు తెచ్చుకోబోతే అన్ని టక్కులూ ఒకటే టక్కులా ఉన్నాయి.

నా పిల్లల మీద ఎవరి తల పడిందో! తోడికోడళ్లదేనేమో, ముగ్గురు పిల్లలకు ఐదు తలలు. అట్లాంటి బొమ్మ ఇంట్లో ఉంటే మంచిదేనా? లేకపోతే ఇప్పుడే కూర్చున్న ఆపా మీదే పిల్లలు పడ్డారేమో. వహీదా ఆ బొమ్మ చూసి గుండె పగిలి చావదూ?

ఒక్క బొమ్మ మాత్రం మిగిలి ఉంది. చెవి తిప్పితే ఎనిమిది వస్తుంది. ఎవరినైనా ఒక్కరిని కాపాడుకోవచ్చు. మెట్ల మీద పిల్లలు ఇంకా కూర్చునే ఉన్నారు. దువ్విన తల చెదరలేదు, దగ్గు కూడా రావడం లేదు. ఆండాలు చెయ్యి అటే తిరిగింది. కాని ఒట్టు పెట్టింది ఆ పిల్లల మీదే. ఆపా బొమ్మ చెడితే పిల్లల బొమ్మ ఎంత బాగా వచ్చి ఏం లాభం?

గుండె రాయి చేసుకుని చెవి తిప్పింది.

“ఆపా, లేవకు. కండ్లు మూసినవు. ఇంకొక్కపారి.”

“నేనా? రెప్ప గూడ కొట్టలే!”

“మూసినవు. నేను చూసిన.”

లలితమ్మ కుర్చీలోంచే అడిగింది. “ఎనిమిది ఐపోయినయ్ అంటివి గద. తొమ్మిదోది ఏడికెల్లి వచ్చింది?”

“గది... రీలు తోక. చివర్ల జరంత మిగుల్తది.”

“తోక ఉంటే నాకు గూడ తోక కావాలె! ముందు పైసలిచ్చింది నేను!”

“తోక కావాలంటే నా బర్రెనడుగమ్మా,” అంది ఎల్లమ్మ.

“మేం గూడ పైసలిచ్చినం!” అన్నారు మాణిక్యమ్మ, సుశీలమ్మ, ఏడాదిలో మొదటిసారి ఒకే గొంతుతో. అన్నాక ఒకరినొకరు చూసుకుని ఉలిక్కిపడ్డారు.

ఇక్బాలున్నీసాకు ఆండాలు చెవుల వరకూ ఎర్రబడ్డ ముఖం కనపడుతోంది. పదిహేనేళ్ల స్నేహం. ఆండాలు అబద్ధమాడితే ఎడమకాలు నేలకేసి రాస్తుందని ఆమెకు తెలుసు. ఇప్పుడు ఆ కాలు వాకిలి పెచ్చులు లేపుతోంది. ఇక్బాలున్నీసా దుపట్టా చెంగు నోటికి అడ్డం పెట్టుకోబోయింది గాని నవ్వు అంతకంటే ముందే వచ్చేసింది.

టక్కు.

*

మర్నాడు పట్టపగలు ఆండాలు కొట్టుగదిలో చీకటి తయారుచేశారు. కిటికీకి బొంతలు, తలుపు సందుల్లో పాత చీరలు. కందిలికి ఎర్రటి పతంగి కాగితం నాలుగు పొరలు. కాగితం అంటుకుంటే ఇల్లు కాలిపోతుందని ఆండాలు రెండు బకెట్ల నీళ్లు, ఒక తట్ట ఇసుక, తడిపిన గోనెసంచి తెచ్చిపెట్టింది. వాటి నడుమ మనుషులు నిలబడటానికి చోటే లేదు.

బాబూమియా పీట మీద కూర్చున్నాడు. ముందు కమాలుద్దీన్ ఇంటి నుంచి తెచ్చిన ఎనామెల్ పూత తామ్‌చీనీ పళ్లాలు మూడు. ఇత్తడి పళ్లెం మందును చెడగొడుతుందట. ఇక్బాలున్నీసా నిండా ముసుగేసుకుని బకెట్ వెనక నిలబడింది. కళ్లు లేకపోయినా మొగవాడు మొగవాడే.

“టైం ఎట్ల చూడాలె చాచా?” అంది ఆండాలు. “మా ఇంట్ల పదకొండు గడియారాలున్నయి. పదకొండు టైములు చెప్తయి.”

“నా తస్బీ ఉన్నది. పూసలు లెక్కపెడత. మూడు వందలు.”

రీలు రెండు కొసలూ పట్టుకుని, మందులో ఉయ్యాల ఊపినట్టు పైకీ కిందికీ ఆడించే పని ఆండాలుది. చేతులు ఎటూ ఆగకుండా వణుకుతున్నాయి కాబట్టి ఆ పని ఆమెకు బాగానే వచ్చింది. రెండో వంద పూసలు దాటాక ఎర్రవెలుగులో రీలు మీద మరకలు తేలాయి. ఆండాలు కళ్లు చికిలించి చూసి ఒక్క అరుపు అరిచింది.

“ముఖాలన్ని నల్లగైనయ్! జుట్లు తెల్లగైనయ్! అందరం ముసలోళ్లమైనం చాచా!”

“మంచిది బిడ్డా. నల్లటివి తెల్లగ, తెల్లటివి నల్లగ. ఎండల అచ్చేస్తే మల్ల ఉల్టా ఐతది. ఊపుడు ఆపకు.”

“మరి... గిది చెప్పు. మొదటి దాంట్ల ఎవలకో కొమ్ములున్నయి.”

బాబూమియా చెయ్యి తస్బీ మీద ఒక్క పూస సేపు ఆగింది. “లలితమ్మదేనా మొదటిది?”

“అవు.”

“ఐతే కొమ్ములు బొమ్మల తప్పు కాకపోవచ్చు,” అన్నాడు బాబూమియా, మళ్లీ లెక్కలో పడుతూ.

ఆండాలుకు అప్పుడు గుర్తొచ్చింది. బర్రె, జరీ, పడిన కుర్చీ, కడుపుకు అదుముకున్న పెట్టె. చెవి తిప్పలేదు. అప్పుడే తిప్పలేదు! రీలు చివరికి చూసింది. ఏడులో ఒక ఆపా, ఎనిమిదిలో ఒక ఆపా. శుభ్రంగా, విడివిడిగా. ఆరులో మెట్ల మీద మూడు చిన్న తలలు. మూడే. రెండుసార్లు లెక్కపెట్టింది. ఆమె కళ్లలోంచి నీళ్లు మందు పళ్లెంలో పడబోతే ఇక్బాలున్నీసా వెనకనుంచి తన ముసుగు చెంగు అడ్డం పట్టింది.

“ఏడువకు. మందు పల్చనైతే మల్ల పైసలు కావాలె.”

*

మిద్దె మీద ఎండలో, అద్దాల నడుమ రీలు ముక్కనూ కాగితాన్నీ పెట్టి ఒక్కొక్కటే అచ్చువేశారు. కాకి ఎత్తుకుపోతుందేమోనని ఆండాలు మూడు పూటలూ కట్టె పట్టుకుని కూర్చుంది. మూడో రోజున ఇక్బాలున్నీసా వాకిట్లో ఆండాలు బొమ్మలు పంచింది. లలితమ్మది, ఎల్లమ్మది ఒకే బొమ్మ కాబట్టి రెండు కాపీలు వేసి ఇద్దరికీ ఒకేసారి ఇచ్చి, తను తులసి కోట వెనక్కి పోదామని చూసింది. కాని ఆ వాకిట్లో తులసి కోట లేదు. నీళ్ల హౌజు వెనక నిలబడింది.

బొమ్మలో లలితమ్మ మహారాణిలా కూర్చుని ఉంది. ఆమె కిరీటం ఉండాల్సిన చోట రెండు వంపు కొమ్ములు. భుజం మీదినుంచి బర్రె ముఖం నిదానంగా, ఎంతో కాలంగా ఆ ఇంటి మనిషే అయినట్టు చూస్తోంది. జరీ చీర ఒళ్లో, సన్నటి పొగలాంటి ఎల్లమ్మ నిలబడి నవ్వుతోంది.

వాకిలంతా ఆ కాగితం మీదికి వంగింది.

“అబ్బ, నా బర్రె ఎంత మంచిగ పడ్డది!” అంది ఎల్లమ్మ.

ఆ తర్వాత లేచిన లొల్లికి దబీర్‌పురా స్టేషన్లో రైలు కూత కూడా వినపడలేదు. ఆండాలు హౌజు వెనకనుంచే తప్పు ఒప్పుకుంది. చెవి తిప్పడం మరిచిన సంగతీ, ఎర్రకన్నులో ఏడు కనపడ్డ సంగతీ, తోక అబద్ధమన్న సంగతీ, అన్నీ ఒకే ఊపిరిలో చెప్పింది.

“అంటే నా బొమ్మ పాడు చేసి, మిగిలింది ఆపాకు ఇచ్చినవా?” లలితమ్మ కుర్చీ మీద గుద్దింది. “నా పన్నెండణాలు నాకు కావాలె. ఇప్పుడే.”

ఇక్బాలున్నీసా పాన్‌లో వేసుకునే కిమామ్ డబ్బీ పక్కనున్న పైసల మూట విప్పింది. “నాకు రెండు బొమ్మలొచ్చినయ్. రెండోదానికి పైసలు నేనే కడత. గీ పన్నెండణాలు తీసుకో లలితమ్మా.”

లలితమ్మ చెయ్యి చాచింది. ఆ చెయ్యికి అడ్డంగా ఎల్లమ్మ చెయ్యి వచ్చింది.

“ఆగమ్మా. కాయిదా ఏంది? ఒక బొమ్మల ఇద్దరుంటే చెరి సగం. నేను పూరా బొమ్మకు పన్నెండణాలు కట్టిన. నా బొమ్మల నువ్వొచ్చి కూసున్నవు. నేను పిలిచిన్నా? పిలవలే. ఐనా పోనీ అంటున్న. ఆరణాలు నీకు, ఆరణాలు నాకు.”

“నీ బొమ్మల నేనొచ్చిన్నా? నా బొమ్మల నువ్వొచ్చినవు!”

“ఎట్లనన్న అను. ఇద్దరం ఉన్నం గద?”

అందరూ కాయిదా పుట్టించిన తోడికోడళ్ల వైపు చూశారు. మాణిక్యమ్మ సుశీలమ్మను చూసింది. సుశీలమ్మ మాణిక్యమ్మను చూసింది. “జంట లెక్కే,” అన్నారు ఇద్దరూ. లలితమ్మ ఆరణాలు తీసుకుని, బొమ్మను చించబోయి, ఎందుకో ఆగి, బోర్లించి చంకలో పెట్టుకుని పోయింది. ఆ సాయంత్రం కల్లు కాంట్రాక్టరు పెద్దగా నవ్విన నవ్వు మూడిళ్ల అవతలికి వినపడింది. మర్నాటి నుంచి ఆ ఇంటికి పాలు ఎల్లమ్మే పోస్తోంది.

ఇక్బాలున్నీసా తన రెండు బొమ్మలనూ నల్ల కాగితంలో చుట్టి, బట్టలో కుట్టి, ఆ బట్ట మీద లక్క వేసి గుల్బర్గాకు పంపింది. దాన్ని పోస్టుబంట్రోతు విప్పుతాడని, రైలు బోర్లాపడుతుందని, ఎలుకలు కొరుకుతాయని ఆండాలు ఇరవై రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. చిన్నపిల్ల దగ్గినప్పుడల్లా కిటికీ దగ్గరికి పోయి, “ఖత్ వచ్చిందా ఆపా?” అని అడిగింది.

ఇరవై మూడో రోజు కిటికీలోంచి ఉత్తరం ముందు, ఇక్బాలున్నీసా ముక్కు తర్వాత వచ్చాయి. ముక్కు మళ్లీ ఎర్రగా ఉంది. ఆండాలు చావు దాకా పోకముందే ఆమె చదవడం మొదలుపెట్టింది.

“‘అమ్మీ, రెండు ఫోటోలు చేరినయ్. మొదటిది నువ్వు నన్ను తిట్టేటప్పటి ముఖం. అది నేను ఎన్నడూ మరవలే. రెండోదాంట్ల దుపట్టా చెంగు పట్టుకుని నవ్వుతున్నవు. నేను మరిచింది గదే ముఖం. అది మా పెద్దోనికి చూపెడితే నానీ అని ముద్దు పెట్టిండు. ఆ ఫోటో కండ్ల ముందట పెట్టుకుని ఖత్ రాస్తున్న.’”

ఆండాలు కిటికీ చెక్క మీద తల ఆనించింది. లోపల చిన్నది దగ్గింది. ఇన్నాళ్లలో మొదటిసారి అది మామూలు దగ్గులాగే వినపడింది.

“ఇంకా ఉన్నది,” అంది ఇక్బాలున్నీసా. “‘రెండు ఫోటోలల్ల నీ కాళ్ల దగ్గర ఒక నీడ పడ్డది. మోచేతులు అటొకటి ఇటొకటి, కొప్పు పక్కకు జారి. అది ఆండాలు ఖాలానే గద? ఆమెకు నా సలాం చెప్పు.’”

ఆండాలు పరుగున లోపలికి పోయి పిల్లల బొమ్మ తీసింది. మెట్ల కింద, పిల్లల కాళ్ల ముందు, నేలమీద అదే నీడ పొడుగ్గా పరుచుకుని ఉంది. మోచేతులూ కొప్పూ. తన బొమ్మ ఒక్కటీ లేదనుకుంది ఇన్నాళ్లు. ఎండ వీపు మీద పడాలని బాబూమియా చెప్పాడు కదా. ఎనిమిదింటిలోనూ తనే.

ఆమె ముఖం మొదట వెలిగింది. తర్వాత తెల్లబోయింది. మళ్లీ కిటికీ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

“ఆపా, నీడ సంగతి లలితమ్మకు చెప్పకు.”

“ఎందుకు?”

“జంట లెక్క కడితే బొమ్మకు ఆరణాలు. ఎనిమిదింటికి మూడు రూపాయలు నేనియ్యాలె!”